మంచుకి టమాటా మొక్కలు మాడిపోతున్నాయి, ఏం కప్పాలి?

సెమిలిగూడ కోడలు:
మా పుట్టిల్లు పార్వతీపురం. పెళ్లయి ఇక్కడికి, ఒడిశా కోరాపుట్ కొండల మీదికొచ్చి మూడేళ్లు. మొక్కల్ని చంపే చలి మా ఊళ్లో ఎప్పుడూ చూడలేదు. మొన్న ముగ్గు వెయ్యడానికి లేచేసరికి పెరట్లో గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. టమాటా ఆకు ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. ఎండ వచ్చాక మిగతా ఆకులు వేడినీళ్లలో ముంచి తీసినట్టు వేలాడిపోయి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. పన్నెండు మొక్కల్లో ఏడు పోయాయి. రాత్రి ప్లాస్టిక్ పట్టా కప్పే పడుకున్నాను, అయినా పట్టా తగిలిన ఆకులే ఎక్కువ మాడాయి. ఫోన్‌లో 4 డిగ్రీలు చూపించింది, మరి మంచు ఎలా గడ్డకట్టింది? మా అత్తగారు పెట్టిన కరివేపాకు మొక్క ఇంకా మోకాలెత్తే. దాని గురించే టెన్షన్‌గా ఉంది.

పొట్టంగి రైతు:
ఫోన్ చెప్పేది మనిషి ఎత్తులో ఉండే గాలి సంగతమ్మా. మబ్బూ గాలీ లేని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది, నేలనంటిన గాలి ఇంకా చల్లబడుతుంది. పైన 4 ఉన్నా ఆకు మీద సున్నాకి దిగిపోవచ్చు. ప్లాస్టిక్ పలచన, బయటి చలి దానికి తగిలిన ఆకులోకి నేరుగా దిగుతుంది. నాలుగు కర్రలు పాతి పైన పాత దుప్పటో గోనెపట్టాయో వెయ్యమ్మా. ఆకుకి తగలకూడదు, అంచులు నేలదాకా రావాలి. మొక్కకి మూటలా కట్టెయ్యకు, కాపాడేది నేలలోంచి వచ్చే వేడే. పొద్దు వాలకముందే కప్పు, ఎండెక్కాక తియ్యి.

సునాబెడ పెరడు:
మొదళ్లలో ఎండుగడ్డి కూడా మందంగా పరవండి, వెచ్చగా ఉంటుంది.

పొట్టంగి రైతు:
అక్కడ నేనొప్పుకోను. గడ్డి వేళ్లకి మంచిదే, కానీ నేల వేడి ఆకుదాకా రాకుండా అడ్డుపడుతుంది. మంచు పడేలా ఉన్న రోజు గడ్డి పక్కకి లాగి, మధ్యాహ్నమే మట్టి తడిసేలా నీళ్లు పెట్టాలి. తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. ఆకుల మీద మాత్రం పొయ్యకండి. ఇంకోటి, చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి నిలుస్తుంది. పెరట్లో పల్లం ఎటు?

సెమిలిగూడ కోడలు:
బావి వైపండి. మాడిపోయిన ఏడు మొక్కలూ అటువే! మిట్టన గోడవారనున్న వంగకి ఏమీ కాలేదు. నిన్న మీరు చెప్పినట్టే కర్రలు పాతి, మా అత్తగారి పాత నేత దుప్పటి కప్పాను. పొద్దున్న దుప్పటి పైన మంచు, లోపల కరివేపాకు పచ్చగా ఉంది. పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. పక్కనున్న బొబ్బాసికి మాత్రం పైన నల్లబడింది. కొట్టెయ్యనా?

పొట్టంగి రైతు:
ఇప్పుడే వద్దు, యూరియా కూడా వెయ్యకు. లేత చిగురొస్తే మళ్లీ మంచుకి పోతుంది. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయంటారు కదా, శివరాత్రి దాకా ఆగు. అప్పుడు గోటితో బెరడు గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే, అక్కడికి పైభాగం కోసెయ్యి.