సీక్వెన్సులు చాలని చోట నెట్‌లు ఎలా పనిచేస్తాయి?

ప్రశ్న: దూరం కొలవగల మెట్రిక్ స్పేస్‌లో ఒక బిందువు ఏదైనా సమితి సంవృతిలో ఉంటే (అంటే ఆ బిందువు ఉన్న ప్రతి వివృత సమితీ ఆ సమితిని తాకితే), ఆ సమితిలోంచి దాన్ని చేరే సీక్వెన్స్ ఒకటి దొరుకుతుంది. సాధారణ టోపాలజీలో (అక్కడ దూరం ఉండదు, ఏ సమితులు వివృతమో మాత్రమే చెబుతాం) ఇది కుదరదంటారు. ఎక్కడ తప్పుతుంది? నెట్, అంటే 1, 2, 3లకు బదులు వేరే సూచికలూ పెట్టుకోగల సీక్వెన్స్ లాంటిది, దాన్ని ఎలా సరిచేస్తుంది?

జవాబు: ఒక్క ఉదాహరణ కాగితం మీద చేసి చూడండి, తేలిపోతుంది. వాస్తవ సంఖ్యల మీద, పూరకం గణ్యమైన (అంటే 1, 2, 3 అని వరసగా లెక్కపెట్టగలిగిన) సమితులూ శూన్యసమితీ మాత్రమే వివృతం అనుకుందాం. సమితి (0, 1), బిందువు 2. 2 ఉన్న ఏ వివృత సమితైనా వదిలేసేది గణ్యమైనన్ని బిందువులనే. (0, 1) గణ్యం కాదు కాబట్టి రెండూ కలిసి తీరాలి. అంటే 2 సంవృతిలో ఉంది. ఇప్పుడు (0, 1) లోంచి మీకు నచ్చిన సీక్వెన్స్ తీయండి. దాని పదాలన్నీ గణ్యమే. వాటిని మొత్తం సంఖ్యల్లోంచి తీసేస్తే మిగిలేది 2 ఉన్న వివృత సమితే, అందులో మీ సీక్వెన్స్ పదం ఒక్కటీ ఉండదు. ఇక 2ను చేరేదెలా?

ఇబ్బంది అంతా సూచికలతోనే. 1, 2, 3 అని లెక్కపెడుతూ, 2 అనే బిందువు సామీప్యాలన్నిటి (అది ఉన్న వివృత సమితులన్నిటి) లోపలికీ వెళ్లలేం. అందుకే సామీప్యాలనే సూచికలుగా పెట్టుకుంటాం. చిన్నది పెద్దదాని తర్వాత వస్తుంది. ఏ రెండిటికైనా వాటి ఛేదనం ఇంకా తర్వాతిది. డైరెక్టెడ్ సెట్ అంటే కోరేది ఇంతే. ప్రతి సామీప్యం ‘యు’లోంచి (0, 1)లో పడే బిందువు ఒకటి ఎంచుకోండి. ‘వి’ అనే సామీప్యం ఇస్తే, దానిలో ఇమిడే ప్రతి ‘యు’కీ ఎంచుకున్న బిందువు ‘వి’లోనే ఉంటుంది. నెట్ 2ను చేరింది!

1922లో గణితవేత్తలు మూర్, స్మిత్ ఈ భావన తెచ్చారు. సమాకలనంలో వచ్చే రీమాన్ మొత్తాల అవధి కూడా నెట్ అవధే, విభజనలు సూచికలు. ప్రతి బిందువుకూ గణ్యమైన సామీప్య ఆధారం (ఏ సామీప్యం ఇచ్చినా దానిలో ఇమిడేది ఒకటి దొరికే సామీప్యాల జాబితా) ఉంటే మాత్రం సీక్వెన్సులే చాలు.

మళ్లీ ప్రశ్న: అయితే సబ్‌నెట్ అంటే సబ్‌సీక్వెన్స్ లాంటిదేనా అండి?

జవాబు: అలా అనుకోకండి, చాలామంది తడబడేది ఇక్కడే. సబ్‌నెట్ వేరే సూచిక సమితిని తెచ్చుకోవచ్చు, పాత సూచికల్లో ఎంత దూరమైనా దాటి వెళ్తే చాలు. [0, 1] మీద 0, 1 విలువల ప్రమేయాలన్నిటి స్పేస్ తీసుకోండి, లబ్ధ టోపాలజీతో (అంటే ప్రతి సంఖ్య దగ్గరా విలువలు అభిసరిస్తేనే ప్రమేయాలు అభిసరించినట్టు). కాంపాక్ట్ స్పేసుల లబ్ధం కూడా కాంపాక్టే అనే టిఖొనోవ్ సిద్ధాంతం ప్రకారం అది కాంపాక్ట్, అంటే అందులో ప్రతి నెట్‌కూ అభిసరించే సబ్‌నెట్ ఉంటుంది. అందులో ఒక సీక్వెన్స్ ఇలా తీసుకోండి: n-వ ప్రమేయం, ఇచ్చిన సంఖ్య ద్విసంఖ్యా విస్తరణలోని n-వ అంకెను ఇస్తుంది. ఏ సబ్‌సీక్వెన్స్ తీసినా, ఆ స్థానాల్లో 0, 1 మారిమారి వచ్చే సంఖ్య ఒకటి రాయొచ్చు. దాని దగ్గర విలువలు ఊగుతూనే ఉంటాయి. అభిసరించే సబ్‌సీక్వెన్స్ ఒక్కటీ లేదు, అభిసరించే సబ్‌నెట్ మాత్రం తప్పక ఉంది.