మేత తింటూనే చిక్కిపోతున్న ఆవు: ఆగని పారుడుకు కారణం ఏమిటి?

ప్రశ్న (పాడిరైతు, మదనపల్లె ప్రాంతం):
మా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు రెండో ఈత ఈనిన కొద్ది వారాలకే పారడం మొదలుపెట్టింది. పేడ నీళ్లలా చిమ్ముతోంది గానీ, అందులో నెత్తురు, జిగురు కనిపించడం లేదు. జ్వరం లేదు, దాణా, పచ్చిమేత ఎప్పటిలాగే తింటోంది. అయినా డొక్కలు తేలి, పాలు సగానికి పడిపోయాయి. ఇంజక్షన్లు వేయిస్తే కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోంది. నట్టల మందు కూడా తాగించాము. ఇప్పుడు దవడ కింద మెత్తగా నీరు దిగింది. ఏమై ఉంటుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1 (పశువైద్యుడు):
మీరు చెప్పిన లక్షణాలను బట్టి మొదట అనుమానించవలసింది జోనీస్ వ్యాధిని. క్షయ క్రిమికి దగ్గరి బంధువైన ఒక బాక్టీరియా దీనికి కారణం. చాలావరకు దూడగా ఉన్నప్పుడే పేడ అంటిన పొదుగు నుంచో, పాల ద్వారానో అది కడుపులోకి చేరుతుంది, కానీ లక్షణాలు బయటపడేది సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల తరువాత, తరచుగా ఈనిన ఒత్తిడిలోనే. పేగు గోడ మడతలు పడి దళసరెక్కడం వల్ల తిన్నది ఒంటబట్టదు, రక్తంలోని ప్రోటీన్లు పేగులోకి కారిపోతాయి. ఆకలి తగ్గకుండానే పశువు చిక్కిపోవడానికీ, దవడ కింద నీరు దిగడానికీ ఇదే కారణం.

అయితే చెరువు గట్లమీద, కాలువ పక్కన మేసే పశువుల్లో జలగ వ్యాధి (ఒంటిలోపల చేరే జలగలాంటి చదును పురుగుల జబ్బు) కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, పైగా అన్ని నట్టల మందులూ జలగలపై పనిచేయవు. కాబట్టి ముందు పేడలో జలగ గుడ్లు ఉన్నాయేమో చూపించండి. అవి లేకపోతే రక్తానికి ఎలైజా (క్రిమిపై ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను చూసే పరీక్ష), పేడకు పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించాలి. పేడ నుంచి క్రిమిని పెంచి చూసే పరీక్ష కచ్చితమైనదే గానీ ఫలితానికి నెలలు పడుతుంది. జోనీస్ అని తేలితే నయం చేసే చికిత్స లేదు. యాంటీబయాటిక్‌లకు డబ్బు పోయకండి.

జవాబు 2 (పాడిక్షేత్ర నిర్వాహకుడు):
డాక్టరు గారు చెప్పినదానికి మందలో చేయవలసిన పని కలుపుతున్నాను. తెలుగు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ఆవుల వధను నిషేధిస్తోంది కాబట్టి, విదేశాల్లో చేసినట్టు జబ్బు ఆవును కబేళాకు పంపే దారి మనకు లేదు. అలాగని సంతకు తోలితే జబ్బును మరొక రైతు కొట్టానికి అంటగట్టినట్టే అవుతుంది, ఆ పని దయచేసి చేయకండి. విడిగా కట్టి, దానికి వాడే పార, పేడతట్ట కూడా వేరుగా ఉంచండి. ఈ క్రిమి పేడలో, తడినేలలో ఏడాదిదాకా బతకగలదు కాబట్టి ఆ ఎరువును పచ్చిమేత మడికి తోలకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. దీని పెయ్యదూడ తల్లి పాలే తాగుతోంది. దాని సంగతేమిటి? ఇంట్లో ఈ పాలు వాడవచ్చునా?

జవాబు 3 (పశువైద్యుడు):
పెయ్యను ఈ రోజే తల్లినుంచి వేరుచేసి, ఆరోగ్యమైన ఆవు పాలను బాగా కాచి చల్లార్చి తాగించండి. జున్నుపాలను అలా కాచలేము, గడ్డకడతాయి. అందుకని ముందు ముందు పుట్టే దూడలకు పరీక్షలో జబ్బు లేదని తేలిన ఆవు జున్నుపాలే పట్టించాలి. పెయ్యకు ఇప్పుడు పరీక్ష చేసినా ఫలితాన్ని నమ్మలేము. రెండేళ్లు దాటాక ఎలైజా చేయించండి, లేదని వచ్చినా ఏటేటా మళ్లీ చూపించండి, ఎందుకంటే తొలిదశలో ఈ పరీక్ష చాలా పశువులను పట్టుకోలేదు. ఇక పాల విషయం: మనుషుల పేగు జబ్బుతో ఈ క్రిమికి సంబంధం ఉందని రుజువు కాలేదు, అయినా పారుతున్న ఆవు పాలను ఇంట్లో వాడకండి, కేంద్రానికీ పోయకండి. నమూనాల కోసం 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. మందలోని మిగతా పాడి ఆవులన్నింటి రక్తమూ అదే రోజు తీయించండి.