పాత బొలెరో క్యాంపర్: ఇంజన్ దింపాలా, ముందు తుప్పు చూడాలా?

ఉప్పల్_పికప్:
బండి 2012 బొలెరో క్యాంపర్, డబుల్ క్యాబిన్, బీఎస్3, మెకానికల్ పంప్. జిల్లా రిజిస్ట్రేషన్, పసుపు ప్లేటు. ఇంతకుముందు ఇసుక, కంకర మోసింది. కిలోమీటర్ల మీటరు పనిచేయట్లేదు.

తొట్టి ఫ్లోరు తుప్పుపట్టి రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. వెనక ఎడమ వైపు దిగినట్టు కనిపిస్తోంది, ఖాళీగా వెళ్తే గుంతల్లో ఎగిరి పడుతోంది. పొద్దున స్టార్ట్ చేస్తే పది నిమిషాల దాకా తెల్లపొగ, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కితే నల్లపొగ. హెడ్‌లైట్లు ఉన్నాయంటే ఉన్నాయి.

నేను అనుకుంటున్నవి: తొట్టిలో 3 ఎంఎం చెక్కర్ షీటు (గళ్ల ఇనుప రేకు), 31 అంగుళాల టైర్లు (ఇప్పుడు 235/75 ఆర్15), బుల్ బార్, పైన ఎల్ఈడీ బార్, పెయింట్. బడ్జెట్ లక్షన్నర. మెకానిక్ ఇంజన్ దింపాల్సిందే అంటున్నాడు, సగం పైగా అక్కడే పోయేలా ఉంది. మూడు నెలల్లో ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఏ వరసలో వెళ్లాలి?

నాజిల్_టెస్టర్:
ఇంజన్ దింపే మాట ఇప్పుడే వద్దు. ముందు ఖర్చులేని పరీక్షలు చేయండి.

ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని అక్కడే తిరగేసి పెట్టండి. కొద్దిగా వణికితే పర్లేదు. ఎగిరి పడినా, పొగ ధారగా వచ్చినా బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ పక్కల నుంచి గ్యాస్ కిందికి దిగడం) ఉన్నట్టే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజం. తర్వాత రేడియేటర్ నీళ్లు వారం రోజులు గమనించండి. నీళ్లు తగ్గుతూ, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడే వచ్చి, కళ్లు మండే డీజిల్ వాసన ఉంటే అది కాలని డీజిల్.

లోడు మీద నల్లపొగ అంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే హోసులు చూడండి. హోసు చిట్లిన చోట నూనె తడి మీద దుమ్ము అంటుకుని ఉంటుంది. టర్బో షాఫ్ట్‌ని వేలితో కదిపితే పక్కలకు కొంచెం ఆట మామూలే, ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం మంచిది కాదు. ఇవన్నీ బాగుంటేనే డీజిల్ చిమ్మే నాజిల్స్ తీసి టెస్టింగ్‌కి ఇవ్వండి. బిగించేటప్పుడు కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి. పాతవే వేస్తే గ్యాస్ లీకై నాజిల్ సీటు దగ్గర కాలిపోతుంది. మీ ముందే వేయించండి.

ఒక ప్రశ్న: నడుస్తున్నప్పుడు టెంపరేచర్ ముల్లు ఎంత దాకా లేస్తోంది?

లప్పం_వద్దు:
ఇసుక మోసిన బండి కదా, నేనైతే చాసీ చూడకుండా రూపాయి పెట్టను. తడి ఇసుక తొట్టి కింద అడ్డ పట్టీల మీద, తొట్టికీ చాసీకీ మధ్య ప్యాడ్ల దగ్గర, కమాన్ (స్ప్రింగ్ పట్టాల కట్ట) బ్రాకెట్ల వెనక చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. చాసీకి కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త. చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది డబ్‌మంటుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. క్యాబిన్ మ్యాట్లు కూడా ఎత్తి చూడండి. డోర్ల కింది అంచున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోతే డోరు లోపలి నుంచే తింటుంది.

చెక్కర్ షీటు విషయం. తుప్పు ఫ్లోరు మీదే షీటు పరిచి నాలుగు పక్కలా వెల్డింగ్ కొట్టే పని మన దగ్గర రోజూ చూస్తుంటాం. చూడ్డానికి బాగుంటుంది గానీ రెండు షీట్ల మధ్య నీళ్లు చేరి పాత ఫ్లోరుతో పాటు కింది పట్టీలనూ తినేస్తాయి, రెండు వానాకాలాల తర్వాత గానీ బయటపడదు. పాతది కోసి తీసేయాల్సిందే. తీశాక పట్టీలు కనిపిస్తాయి, తిన్నవి మార్చి అప్పుడు కొత్త షీటు వేయాలి. మందం కూడా ఆలోచించండి: 5 అడుగులకు 5 అడుగులు అనుకుంటే 3 ఎంఎం ఇనుము 55 కిలోల పైనే, 2 ఎంఎం అయితే 36, 37. పట్టీలు గట్టిగా ఉంటే 2 ఎంఎం చాలు. నాలుగు మూలల్లో 12 ఎంఎం రంధ్రాలు పెట్టించండి.

తొట్టికి సీఓటూ వెల్డింగ్ అడగండి, రాడ్ వెల్డింగ్‌కి పల్చటి షీటు వంకర పోతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, లేకపోతే డైనమోలో డయోడ్లు పోతాయి. చాసీకి పై అంచు, కింది అంచుల మీద వెల్డింగ్ గానీ డ్రిల్లింగ్ గానీ ఒప్పుకోకండి. లోడు పడినప్పుడు లాగుడంతా ఆ అంచుల మీదే, అక్కడ పడిన పగులు ఆగదు. ప్లేటు వేయాల్సి వస్తే నిలువు పక్కకే, రెండు చివర్లూ ఏటవాలుగా కోసి వేయాలి.

పెయింట్: వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్ది, గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ కన్వర్టర్, కడిగి పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, పైన పీయూ పెయింట్. లప్పం 2, 3 ఎంఎం దాటితే తొట్టి అదురుకి పగులుతుంది. వానాకాలంలో చేయిస్తుంటే ప్రైమర్ కొట్టిన బండిని బయట వదలొద్దు. మామూలు ప్రైమర్ తేమ పీల్చుకుని తర్వాత పొక్కులు లేస్తుంది.

ఉప్పల్_పికప్:
చూశాను. ఆయిల్ మూత వణికింది గానీ ఎగరలేదు. వారంలో నీళ్లు తగ్గలేదు. ముల్లు పావు దాటడం లేదు, ఓఆర్ఆర్ మీద కూడా. చాసీ గట్టిగానే ఉంది, తొట్టి కింద రెండు పట్టీలు పోయాయి. వెనక వీల్ సెంటర్ నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిస్తే కుడికి ఎడమకి 22 ఎంఎం తేడా.

నాజిల్_టెస్టర్:
అనుకున్నదే. థర్మోస్టాట్ తీసేసి ఉంటారు. "హైదరాబాద్ ఎండకి ఎందుకు సార్" అని పీకి పారేయడం ఇక్కడి పాత అలవాటు. థర్మోస్టాట్ ఉన్నది ఇంజన్ త్వరగా వేడెక్కి ఆ వేడిలో నిలవడానికి. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ చల్లగా నడుస్తుంది, డీజిల్ పూర్తిగా కాలదు, ఆయిల్‌లో కలుస్తుంది, బోరు అరుగుతుంది. పది నిమిషాల తెల్లపొగకి ముందు చూడాల్సింది ఇదే. హౌసింగ్ విప్పి చూడండి, ఖాళీగా ఉంటే రాణిగంజ్‌లో కంపెనీది తెచ్చి వేయించండి. బిగించే ముందు వేడి నీళ్లలో వేసి, దాని మీద రాసి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో లేదో చూడాలి. పనిలో పనిగా కూలింగ్ మొత్తం కడిగి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. బోరు నీళ్లు పోస్తే సున్నం పట్టి రేడియేటర్ మూసుకుపోతుంది, అప్పుడు మళ్లీ థర్మోస్టాట్‌నే తిడతారు. ఇంజన్ ఆయిల్ కూడా మార్చండి, డీజిల్ కలిసి పల్చబడి ఉంటుంది.

థర్మోస్టాట్ వేశాక కూడా తెల్లపొగ ఉంటే అప్పుడు నాజిల్స్.

కమాన్_కట్ట:
అన్నా, 22 ఎంఎం తేడా అంటే ఊకె సాగుడు కాదు. రెండు పక్కల పట్టాలు లెక్కపెట్టు. కంకర బండ్లకు ఒక్కో ఎక్స్‌ట్రా పట్టా ఎక్కిస్తరు, ఒక దిక్కు విరిగితే అట్లనే నడిపిస్తరు. ఖాళీల ఎగురుడు గుడ గందుకే. ఎక్స్‌ట్రా పట్టా తీసెయ్, కంపెనీ లెక్కకు తే. పాత పట్టాలు కొట్టి వంపు పెడ్తమంటరు, అది ఎక్కువ రోజులు ఆగది. వేడి చేసి నీళ్లల్ల ముంచిన పట్టా అయితే ఇంకా జల్ది విరుగుతది. ఆటోనగర్ల కొత్త సెట్ రెండు దిక్కులా వేయించు, ఒక్క దిక్కే వేస్తే మళ్ల ఒరుగుతది.

యూ బోల్టులు పాతవి మళ్ల వాడొద్దు, ఒకసారి బిగించినవి సాగుతయ్. ఎక్స్ లెక్క బిగించాలె, 500 కిలోమీటర్లు తిరిగినంక మళ్ల చూడాలె. అవి వదులైతే సెంటర్ బోల్ట్ తెగుతది, వెనక యాక్సిల్ హౌసింగ్ జరిగి బండి అడ్డంగ పోతది. షాకిల్ (కమాన్ చివరి లింకు) రబ్బరు బుష్‌ల బోల్టులు బండి జాకీ మీద ఉన్నప్పుడు పూర్తిగ టైట్ చేయొద్దు, టైర్లు నేల మీద ఉన్నంకనే. లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతది. వెనక బ్రేకుకు లోడు వాల్వ్ ఉంటే దాని రాడ్ మళ్ల సెట్ చేయించు. కమాన్ ఎత్తు పెరిగిందంటే ఆ వాల్వ్ బండి ఖాళీ అనుకొని వెనక బ్రేక్ తక్కువ చేస్తది.

31 టైర్లు నాకైతే నచ్చలే. 235/75 ఆర్15 ఎత్తు 733 ఎంఎం, 31 అంటే 787. ఏడు శాతం పెద్ద. గేర్ అంత పొడుగైనట్టే, ఫ్లైఓవర్ మీద పొగ ఇంక పెరుగుతది. ఉన్న సైజుల లోడ్ ఇండెక్స్ చూసి తీస్కో: 105 అంటే టైరుకు 925 కిలోలు, 109 అంటే 1030.

రిలే_87:
లైట్లకి బార్ అక్కర్లేదు. లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ హెడ్‌లైట్ ఎర్త్ పిన్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ పాడైనట్టు. ఇంజన్ నుంచి చాసీకి వెళ్లే ఎర్త్ స్ట్రాప్ ఈ వయసు బండ్లలో తరచూ తెగో, పెయింట్ మీద బిగించో ఉంటుంది. ఆ తర్వాత బ్యాటరీ నుంచి నేరుగా 2.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు, బ్యాటరీ పక్కనే 20 యాంపియర్ల ఫ్యూజ్, హై, లో బీములకు రెండు రిలేలు. స్విచ్ వైర్లు రిలే పిన్నులు 85, 86కి, కరెంట్ 30 నుంచి 87కి. మామూలు 60/55 వాట్ల బల్బులతోనే తేడా తెలుస్తుంది. 100/90 వేస్తే హోల్డర్ కరుగుతుంది.

బుల్ బార్ మర్చిపోండి, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటిని పట్టుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ కింద మార్పు ఒక్కింటికి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. పెయింట్ అదే రంగు కొట్టిస్తే ఏ గొడవా లేదు, రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. ఫిట్‌నెస్‌కి వెళ్లే ముందు రిఫ్లెక్టర్ టేపు కొత్తది అతికించండి: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. తొట్టి పెయింట్ అయ్యాకే అతికించండి, పెయింటర్లు పాత టేపు మీద నుంచే స్ప్రే కొట్టేస్తారు.