మెడ, వెన్నెముక ఎంఆర్ఐ రిపోర్టులోని మాటలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా నన్ను మెడనొప్పి బాధిస్తోంది. నొప్పి కుడి భుజం మీదుగా చేతిలోకి దిగుతోంది. బొటనవేలు, చూపుడువేలు తరచుగా తిమ్మిరెక్కుతున్నాయి. డాక్టరుగారు మెడకు ఎంఆర్ఐ రాశారు. దానితోపాటు వెన్నెముక మొత్తాన్ని స్థూలంగా చూపే స్క్రీనింగ్ చిత్రాలు కూడా తీశారు. ఆయనను మళ్ళీ కలవడానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఈలోగా రిపోర్టు చదివాను. చదివే కొద్దీ ఆందోళన పెరిగిందే తప్ప విషయం బోధపడలేదు.

అందులో ఉన్నది ఇది: మెడలోని సహజమైన వంపు తగ్గింది, సి3 నుంచి సి7 వరకు డిస్కులు ఎండిపోయాయి, సి5–సి6 వద్ద కుడివైపుగా డిస్క్ ప్రొట్రూజన్ ఉండి థీకల్ శాక్‌ను నొక్కుతోంది, అక్కడే కుడి న్యూరల్ ఫొరామెన్ ఒక మోస్తరుగా ఇరుకైంది, సి6–సి7 వద్ద డిఫ్యూజ్ బల్జ్ ఉంది, వెన్నుపాములో సిగ్నల్ మార్పు లేదు. స్క్రీనింగ్ చిత్రాల్లో డి8 వెన్నుపూసలో హీమాంజియోమా, ఎల్4–ఎల్5 వద్ద బల్జ్ కనిపించాయని కూడా రాశారు.

వీటిలో ఏది జబ్బు, ఏది కాదు? హీమాంజియోమా అంటే కణితి అని ఎవరో అన్నారు, అది నిజమేనా? చిత్రాలు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఏ క్రమంలో చూడాలో తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

మొదటి సమాధానం (రేడియాలజీ వైద్యులు)

మీ చిత్రాలను నేను చూడలేదు, మిమ్మల్ని పరీక్షించలేదు. కాబట్టి మీకు ఫలానా జబ్బు ఉందనో లేదనో చెప్పడం సరికాదు. అయితే మీరు ఉదహరించిన ప్రతి మాటకూ ఎంత ప్రాధాన్యం ఉందో చెప్పగలను. రిపోర్టులో చిన్న విషయమూ పెద్ద విషయమూ పక్కపక్కనే, ఒకే తీరులో రాసి ఉంటాయి. చదివేవారికి భయం కలగడానికి ముఖ్యకారణం అదేనని నా అభిప్రాయం.

రిపోర్టులో సి అంటే మెడ వెన్నుపూసలు, డి అంటే ఛాతీ వెనుకవి, ఎల్ అంటే నడుమువి. సి5–సి6 అంటే ఆ రెండు వెన్నుపూసల మధ్య చోటు; అక్కడ ఉండే మెత్తటి దిండులాంటి భాగమే డిస్కు. ఇక చిత్రాల సంగతి. ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాల ప్రమేయం లేదు. శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు, సాధారణంగా 1.5 లేదా 3 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో, రేడియో తరంగాలకు స్పందించి తిరిగి పంపే సంకేతాల నుంచి ఆ చిత్రం తయారవుతుంది. టి1 చిత్రంలో కొవ్వు తెల్లగా, నీరు నల్లగా కనిపిస్తాయి. టి2 చిత్రంలో నీరు తెల్లగా ఉంటుంది; ఇప్పుడు వాడుకలో ఉన్న టి2 పద్ధతుల్లో కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోవడానికి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని చూడండి: అది తెల్లగా ఉంటే టి2, నల్లగా ఉంటే టి1. కొవ్వు సంకేతాన్ని అణచివేసి తీసే స్టిర్ అనే మూడో రకం కూడా ఉంటుంది. ఎముకలో కొత్తగా పగులు వచ్చినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, అక్కడ చేరిన నీరు అందులో ప్రస్ఫుటంగా వెలుగుతుంది.

ఏ మెడ స్కాన్ తెరిచినా నేను మొదట చూసేది డిస్కును కాదు, వెన్నుపామును. మెడను పక్కనుంచి నిలువుగా కోసినట్టు చూపే టి2 చిత్రాల్లో మధ్యలో ఉన్నదాన్ని తీసుకుంటే, బూడిదరంగులో వెన్నుపాము, దానికి ముందూ వెనకా తెల్లటి ద్రవం కనిపిస్తాయి. ముందువైపు తెలుపు ఒకచోట సన్నబడితే, డిస్కు లేదా ఎముక పెరుగుదల అక్కడికి చొచ్చుకొచ్చిందన్నమాట. రెండువైపులా తెలుపు మాయమై, వెన్నుపాము ఆకారమే నొక్కుకుపోతే అది వేరే స్థాయి సమస్య. దానికి తోడు వెన్నుపాము లోపల టి2లో తెల్లటి మచ్చ కనిపిస్తే, ఆ నాడీకణజాలంలో వాపో నష్టమో ఉందని అనుమానించాలి. మెడ దగ్గర వెన్నుకాలువ ముందునుంచి వెనక్కి సుమారు 13 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఇరుకుగానూ, 10 కంటే తక్కువైతే తీవ్రమైన ఇరుకుగానూ పరిగణించడం వాడుక. మీ రిపోర్టులో ‘వెన్నుపాములో సిగ్నల్ మార్పు లేదు’ అన్న వాక్యం ఉంది కదా, మొత్తం రిపోర్టులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది అదే. మీరు దాన్ని చివరలో, దాదాపు పట్టించుకోకుండా రాశారు.

థీకల్ శాక్ అంటే వెన్నుపామునూ, దాని చుట్టూ ఉన్న ద్రవాన్నీ పట్టి ఉంచే పొర. ఆ పొరను తాకడం వేరు, వెన్నుపామును నొక్కడం వేరు. న్యూరల్ ఫొరామెన్ అంటే నరం వెన్నెముక నుంచి బయటికి వచ్చే దారి.

డిస్కులు ఎండిపోవడం అంటే వాటి మధ్యభాగంలో నీటిశాతం తగ్గడం. టి2లో తెల్లగా ఉండవలసిన ఆ భాగం నల్లబడుతుంది. బల్జ్, ప్రొట్రూజన్, ఎక్స్‌ట్రూజన్ అనే మాటలకు నిర్వచనాలు స్థిరపడి ఉన్నాయి. నడుము డిస్కుల కోసం అమెరికాలోని మూడు వైద్య సంఘాలు కలిసి 2014లో సవరించిన పదావళినే మెడకూ అన్వయిస్తుంటారు. దాని ప్రకారం డిస్కు చుట్టుకొలతలో నాలుగోవంతుకు మించిన భాగంలో అంచు బయటికి వస్తే అది బల్జ్. దాన్ని హెర్నియేషన్‌గా లెక్కించరు. నాలుగోవంతు కంటే తక్కువ భాగంలో పొడుచుకొస్తే హెర్నియేషన్. అందులో మొదలు వెడల్పుగా ఉండి, బయటికొచ్చిన భాగం అంతకంటే ఇరుకుగా ఉంటే ప్రొట్రూజన్. బయటికొచ్చిన భాగమే మొదలు కంటే వెడల్పైతే ఎక్స్‌ట్రూజన్. ముక్క పూర్తిగా విడిపోతే సీక్వెస్ట్రేషన్.

ఇక ఇవన్నీ జబ్బులేనా అన్న ప్రశ్న. నడుమునొప్పి లేనివారి స్కాన్‌లపై వచ్చిన 33 అధ్యయనాలను, అంటే 3,110 మంది వివరాలను, 2015లో ఒకచోట చేర్చి సమీక్షించారు. ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి డిస్కు క్షీణత, 30 శాతం మందికి బల్జ్ ఉన్నట్టు తేలింది. ఎనభై ఏళ్లకు అవి 96 శాతానికి, 84 శాతానికి చేరాయి. మెడ విషయంలో అదే ఏడాది జపాన్‌లో ఏ బాధా లేకుండా, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 1,211 మందిని పరీక్షించిన అధ్యయనం వెలువడింది. వారిలో 87.6 శాతం మందికి డిస్కు బల్జ్ కనిపించింది, కానీ వెన్నుపాముపై ఒత్తిడి కనిపించినది 5.3 శాతం మందిలోనే. అందువల్ల మీ సి6–సి7 బల్జ్, ఎల్4–ఎల్5 బల్జ్, ఎండిన డిస్కులు వయసుతో వచ్చే మార్పులే అయివుండే అవకాశం ఎక్కువ.

హీమాంజియోమా గురించి మీరు విన్నది సగమే. అది ఎముకలో రక్తనాళాలు గుమిగూడి ఏర్పడే నిరపాయకరమైన పెరుగుదల. చాలామందిలో యాదృచ్ఛికంగా బయటపడుతుంది. లోపల కొవ్వు ఉండటం వల్ల సాధారణంగా టి1, టి2 రెండింటిలోనూ తెల్లగా కనిపిస్తుంది. అలా స్పష్టమైన లక్షణాలతో కనిపించినదానికి చాలావరకు ఏ చికిత్సా అవసరం ఉండదు.

రెండో సమాధానం (ఫిజియోథెరపిస్టు)

డాక్టరుగారి వివరణకు తోడుగా ఒక విషయం చెప్పదలిచాను, ఎందుకంటే చిత్రంలోని మార్పుకూ మనిషి పడే బాధకూ పొత్తు కుదురుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

మెడలో వెన్నుపూసలు ఏడు, కానీ నరాల జతలు ఎనిమిది. మొదటి ఏడు జతలూ తమ సంఖ్యగల వెన్నుపూసకు పైనుంచి బయటికి వస్తాయి. ఎనిమిదోది ఏడో వెన్నుపూసకు కింద వస్తుంది. కాబట్టి సి5–సి6 మధ్య బయటికి వచ్చేది సి6 నరం. స్థూలంగా చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలి వైపు స్పర్శ సి6ది, మధ్యవేలిది సి7ది, చిటికెనవేలిది సి8ది. అయితే ఈ సరిహద్దులు అందరిలోనూ ఒకేలా ఉండవు. మీ తిమ్మిరి కుడిచేతి బొటనవేలు, చూపుడువేళ్లలో ఉంది, ప్రొట్రూజన్ సి5–సి6 వద్ద కుడివైపు ఉంది. వైపూ స్థాయీ రెండూ సరిపోతున్నాయి కనుక మీ రిపోర్టులోని అన్ని మాటల్లోనూ మీ బాధకు దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. అదే ప్రొట్రూజన్ ఎడమవైపు ఉండి ఉంటే, ఎంత పెద్దదైనా మీ కుడిచేతి నొప్పికి దాన్ని కారణంగా చెప్పడం కష్టం.

నడుములో ఈ లెక్క మారుతుంది. అక్కడ నరాలు కాలువలో కిందికి దిగి ఆ తర్వాత బయటికి వెళ్తాయి కాబట్టి, ఎల్4–ఎల్5 డిస్కు హెర్నియేషన్ ఎక్కువగా తాకేది ఎల్5 నరాన్ని. రిపోర్టులో ఎల్4 అన్న అక్షరం చూసి ఎల్4 నరమే దెబ్బతిందని చాలామంది పొరపడుతుంటారు.

అయితే వైపూ స్థాయీ కలిసినంత మాత్రాన విచారణ ముగిసినట్టు కాదు. మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోయినా, అంటే కార్పల్ టనెల్ సిండ్రోమ్‌లోనూ, ఇవే వేళ్లు తిమ్మిరెక్కుతాయి; రాత్రివేళ నిద్రలేపడం, చెయ్యి విదిలిస్తే తగ్గడం దాని లక్షణాలు. ఈ రెండింటినీ వేరుచేయడానికి కండరాల బలం, బైసెప్స్, ట్రైసెప్స్ అనే పైచేతి కండరాల రిఫ్లెక్సులు (చిన్న సుత్తితో తట్టినప్పుడు కండరం తనంతట తానే స్పందించే తీరు) పరీక్షిస్తారు, అవసరమైతే నరాల వేగాన్ని కొలిచే పరీక్ష చేయిస్తారు. మెడ స్కాన్ ఈ పని చేయలేదు.

వ్యవధి ఉందని అన్నారు గనుక ఇదీ చెప్పాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, సన్నని వస్తువులు పట్టుకోవడం కష్టమవుతున్నా, నడకలో తూలు వస్తున్నా, చేతిలో బలం రోజురోజుకూ తగ్గుతున్నా ఆ తేదీ కోసం ఎదురుచూడకండి. అవి వెన్నుపాము మీద ఒత్తిడికి సూచనలు కావచ్చు. మలమూత్రాలపై అదుపు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం వంటివి ఏవైనా ఉంటే డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన ప్రమాద సూచనలేవీ నాకు లేవు. టి2 చిత్రం చూశాను. సి5–సి6 దగ్గర ముందువైపు తెలుపు సన్నబడింది, వెనకవైపు తెలుపు మాత్రం అలాగే ఉంది. కానీ అడ్డంగా కోసిన చిత్రాల్లో పొడుచుకొచ్చినది నాకు ఎడమవైపు కనిపిస్తోంది, రిపోర్టులో కుడి అని ఉంది. రిపోర్టు తప్పా? ఇది ఆపరేషన్ దాకా వెళ్తుందా? వంపు తగ్గిందన్న మాట గురించి కూడా చెప్పగలరా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రిపోర్టు తప్పు కాదు. అడ్డకోత చిత్రాలను, మీరు వెల్లకిలా పడుకుని ఉండగా చూసేవారు మీ పాదాల వైపు నిలబడి చూస్తున్నట్టుగా అమర్చుతారు. అందుకే మీ కుడి, చిత్రంలో ఎడమవైపున ఉంటుంది. చిత్రం అంచున గుర్తు కూడా ఉంటుంది. న్యూరల్ ఫొరామెన్ సంగతి తేల్చడానికి మెడలో ఈ అడ్డకోతలే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే నరం బయటికి వచ్చే ఆ దారులు మెడలో ఏటవాలుగా ముందుకు సాగుతాయి, పక్కనుంచి తీసిన మామూలు చిత్రాల్లో సరిగ్గా చిక్కవు. గ్రేడియంట్ ఎకో అనే మరో ఎంఆర్ఐ పద్ధతిలో తీసిన అడ్డకోతల్లో ఆ ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. దారిని మూసింది మెత్తని డిస్కా, ఎముక ముళ్లా అన్న సందేహం మిగిలితే సీటీ స్కాన్ ఆ తేడాను బాగా చూపుతుంది.

వంపు తగ్గడానికి నేను పెద్ద ప్రాధాన్యం ఇవ్వను. మెడ కండరాలు బిగుసుకుని ఉన్నా, కాయిల్‌లో, అంటే స్కాన్ సమయంలో సంకేతాలను అందుకోవడానికి అమర్చే పరికరంలో, తల పెట్టిన తీరు వల్లనైనా వంపు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆపరేషన్ నిర్ణయం చిత్రాన్ని బట్టి మాత్రమే జరగదు. నరం నొక్కుకుపోయి చేతిలోకి దిగే నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే వారాలు, నెలల్లో తగ్గుతుంది. బయటికి వచ్చిన డిస్కు భాగాన్ని శరీరమే క్రమంగా హరించుకోవడం కూడా తెలిసిన విషయమే. విచిత్రంగా, చూడటానికి భయంకరంగా ఉండే ఎక్స్‌ట్రూజన్‌లు, విడిపోయిన ముక్కలు చిన్న బల్జ్‌ల కంటే ఎక్కువగా కుంచించుకుపోతాయి. బలం తగ్గుతూ పోతే, వెన్నుపాముపై ఒత్తిడి లక్షణాలు కనిపిస్తే, లేదా తగినంత కాలం చికిత్స చేసినా భరించలేని నొప్పి మిగిలితే శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది. లక్షణాలు మారనంతవరకు, తగ్గిందో లేదో చూద్దామని మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీయించుకోవడం వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదు.

డాక్టరుగారి దగ్గరికి రిపోర్టు కాగితం మాత్రమే కాకుండా చిత్రాలున్న సీడీ కూడా తీసుకువెళ్ళండి. నొప్పి ఏ దారిన దిగుతోందో, ఏ వేళ్లలో తిమ్మిరి ఉందో, మెడ ఎటు తిప్పితే పెరుగుతోందో రాసుకుని వెళితే ఆయనకు ఎంతో ఉపకరిస్తుంది. సి6 నరానికి సంబంధించిన బలం, రిఫ్లెక్సు మీ రెండు చేతుల్లోనూ సమానంగా ఉన్నాయా అని అడగండి; తరువాతి చికిత్స చాలావరకు ఆ జవాబును బట్టే ఉంటుంది.