సవర గోడబొమ్మలను అచ్చు చెక్కి బొంతల మీద వేసి అమ్మవచ్చా?

గుణుపురం బొంతలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి గోడకు తగిలించే చిన్న బొంతలు కుడుతున్నాం. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు, అంతే. పైన పాత నేత చీర ముక్క, మధ్యలో అరిగిన దుప్పటి, వెనక కోరా గుడ్డ. ముందు పైగుడ్డ మీద స్టెన్సిల్‌తోనో, మేమే చెక్కుకున్న లినో (మెత్తని లినోలియం షీటు) అచ్చుతోనో రంగు వేస్తాం. అది ఆరాక మూడు పొరలూ కలిపి చేత్తో రన్నింగ్ కుట్టు వేస్తాం.

ఈమధ్య భువనేశ్వర్ నుంచి ఒక షాపువాళ్లు సవర బొమ్మలున్న బొంతలు కావాలన్నారు. ఎన్ని చేస్తే అన్నీ తీసుకుంటారట. అచ్చు ఒకసారి చెక్కితే పని తేలికే. మాలో సగంమంది సరే అంటున్నారు. నేను వద్దంటున్నాను. ఎందుకో చెబుతాను, మీరూ చెప్పండి.

మనం సవర బొమ్మ అంటున్నది సవర గిరిజనుల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, వెదురు పుల్లతో గీసే ఇడితాల్. చుట్టూ చట్రం, అది ఇల్లు. లోపల మనుషులు, ఏనుగు, గుర్రం, చెట్టు, సూర్యుడు, చంద్రుడు. ఇంట్లో జబ్బు వచ్చినా, పోయిన పెద్దల కోసమైనా, పంట బాగా పండాలనుకున్నా ఆ ఇంటివాళ్ల కోసం, ఆ కారణం కోసం గీస్తారు. ఒక ఇంట్లో ఉన్నది పక్కింట్లో ఉండదు. అచ్చు చేసే పనేమో సరిగ్గా దానికి ఎదురు. ఒకే చట్రం, అదే ఏనుగు, అదే గుర్రం, వంద బొంతల మీద. నా అభ్యంతరం బొమ్మ అందంగా వస్తుందా రాదా అన్నదాని గురించి కాదు. ఒక ఇంటి మొక్కును మనం రబ్బరు స్టాంపు చేయడం గురించి.

రాయగడ కుట్టుపని

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పే ఆ గీత ఎప్పుడో దాటిపోయింది. భువనేశ్వర్‌లో రోడ్డు పక్క గోడల మీద సవర బొమ్మలున్నాయి. సంచుల మీద, టీషర్టుల మీద, పెళ్లి కార్డుల మీద ఉన్నాయి. సవర పిల్లలే కాన్వాస్ మీద గీసి మేళాల్లో అమ్ముతున్నారు. అప్పుడు పోని పవిత్రత గుణుపురం ఆడవాళ్ల బొంత దగ్గరే పోతుందా?

మన దగ్గర ఆడవాళ్లకు దొరికే పని ఏముంది చెప్పండి. బ్లౌజులు, ఫాల్స్, స్కూలు యూనిఫాంలు. అదీ సీజన్ ఉంటేనే. ఎన్ని చేస్తే అన్ని కొంటామనే షాపు రోజూ దొరకదు. మీరు వద్దంటే ఆ ఆర్డర్ ఆగిపోదు, ఏ సూరత్‌కో పోయి స్క్రీన్ ప్రింట్‌లో వేల మీటర్లు అయి వస్తుంది. అప్పుడు సవరలకూ రూపాయి రాదు, మనకూ రాదు.

పర్లాకిమిడి మాస్టారు

చట్టం సంగతి ముందు చెబుతాను, చాలామందికి తెలియడం లేదు. లాంజియా సవర చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. అప్పుడే రాయగడ జిల్లాకే చెందిన డోంగ్రియా కోంధు గిరిజనుల కప్డాగండా శాలువాకూ వచ్చింది. జీఐ చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. రిజిస్టర్ అయిన పేరును అర్హత లేని సరుకుకు తగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కాబట్టి మీ బొంత మీద లాంజియా సవర పెయింటింగ్ అని చీటీ కట్టకూడదు. షాపువాళ్లు కట్టమన్నా కట్టకూడదు.

అయితే ఆ చట్టం కాపాడేది ముఖ్యంగా పేరును. పేరు పెట్టకుండా త్రికోణం ఒళ్లున్న మనిషిని గీస్తే పోలీసులు రారు. అందుకే ఇది చట్టంతో తేలే విషయం కాదు.

మా ఊరి మనిషి గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఇంగ్లీషులో సవర వ్యాకరణం అచ్చయింది, ఆ తర్వాత నిఘంటువు. కానీ పండితుల కోసం అవి రాయడానికి చాలా ముందే సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. వాళ్ల దగ్గర తీసుకున్నది ముందు వాళ్లకే తిరిగి ఇచ్చారు. మీ బొంతల విషయంలోనూ నేను అడిగేది అదే. బొమ్మ తీసుకుంటే ఎవరికి ఏం తిరిగి వెళ్తోంది?

సీతంపేట నుంచి

నేను సవర కుర్రాణ్ణి. మాది ఆంధ్ర వైపు, పార్వతీపురం మన్యం జిల్లా. మా అమ్మ తరఫు బంధువులు గుణుపురం దగ్గర పుట్టాసింగి వైపు ఉన్నారు. సవరలందరి తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. మా ఇంట్లోనే అందరిదీ ఒక మాట కాదు.

ముందు ఒక సంగతి. మా ఊళ్లలో చాలా ఇళ్లు క్రైస్తవంలోకి మారాయి. ఆ ఇళ్ల గోడల మీద ఇడితాల్ లేదు, కావాలనీ అనుకోరు. మా పిన్నిని అడిగితే, అచ్చేసుకుంటే వేసుకోనీ, మాకేం అంటుంది. మా తాత అలా అనడు. ఆయన లెక్కలో గీయగానే పని అయిపోదు. బొమ్మ ఎవరి కోసం గీశారో ఆ శక్తిని పూజారి పిలిచి, ఇదిగో నీ ఇల్లు, చూసుకో అంటాడు. ఏదైనా తక్కువైందని తెలిస్తే మళ్లీ చేర్చి గీస్తారు. 1955లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి అచ్చువేసిన పెద్ద పుస్తకంలోనూ ఈ పద్ధతి ఉంది. ఇడితాల్ బొమ్మల్లోకి సైకిలూ విమానమూ కూడా వచ్చాయి. పాతవే గీయాలని రూలేమీ లేదు. ఇల్లు ఎవరికోసమో వాళ్లకు నచ్చాలి, అంతే.

రాయగడ అన్న చెప్పిన సవర పిల్లల సంగతి నిజమే, మావాళ్లు కాన్వాస్ మీద గీస్తున్నారు. కానీ మావాళ్లు అమ్ముతున్నారు కాబట్టి ఎవరైనా అమ్మొచ్చు అనడం న్యాయం కాదన్నా. నా పొలంలో ధాన్యం నేను అమ్ముకుంటే, మీరు కూడా వచ్చి కోసుకోవచ్చని కాదు కదా.

ఒకటి అడుగుతాను. ఆ షాపు మీకు ఆర్డర్ ఇచ్చింది, పుట్టాసింగిలో గీసేవాళ్లకు ఎందుకు ఇవ్వలేదు?

గుణుపురం బొంతలు

తమ్ముడూ, అడిగాను. వాళ్లు గీసేది లేటవుతుందట, ప్రతిదీ వేరేగా వస్తుందట, షాపుకు అన్నీ ఒకేలా కావాలట. నా అనుమానం ఇంకా గట్టిపడింది ఆ మాటతోనే.

బరంపురం అచ్చులు

మంచీచెడూ మీరు తేల్చుకుంటున్నారు, నేను పనిముట్ల వైపు నుంచి మాట్లాడతాను. చాలాకాలంగా అచ్చులు చెక్కుతున్నాను. ఇడితాల్‌ను అచ్చుగా చెక్కితే అది ఇడితాల్‌లా రాదు. ఎందుకంటే అక్కడ గీత సన్నం, నేల ఎరుపు, గీత తెలుపు. దాన్ని గుడ్డ మీదికి తేవడానికి రెండే దారులున్నాయి.

ఒకటి, ఎర్రగుడ్డ మీద తెల్లరంగు అద్దడం. దానికి గీతలు మాత్రమే నిలబెట్టి మిగతా చెక్కంతా తవ్వేయాలి. చేతివేళ్లు, గుర్రం కాళ్లలాంటి సన్నని గీతలు కలప నారకు అడ్డంగా వచ్చినచోట టేకయినా విరుగుతుంది. విరగకూడదని గీత లావు చేస్తారు. లావు చేస్తే ఆ మనుషుల్లో కదలిక పోతుంది, మొద్దు బొమ్మలు మిగులుతాయి. పైగా ముదురు గుడ్డ మీద మామూలు ఫ్యాబ్రిక్ రంగు కనబడదు. అచ్చు పనివాళ్లు ఖాదీ ప్రింట్ అనే టైటానియం డయాక్సైడ్ తెలుపు కావాలి. అది గుడ్డ మీద పొరలా కూర్చుంటుంది. లెక్క లేకుండా అద్దితే బిరుసెక్కి కుట్టేటప్పుడు సూది దిగదు. దిగినచోట కన్నం తెల్లగా పెదవి విప్పి కనబడుతుంది.

రెండోది, లినోలో గీతలను లోపలికి చెక్కి, తెల్లగుడ్డ మీద ఎరుపు మొత్తం అద్దడం. గీతలచోట గుడ్డ తెలుపే మిగులుతుంది. చెక్కడం సులువు, లినోను కాసేపు ఎండలో పెడితే ఉలి వెన్నలో దిగినట్టు దిగుతుంది. కానీ అంత వెడల్పు ఎరుపు ఒకేసారి సమంగా పడాలంటే బల్ల మీద రెండు మూడు దుప్పట్లు పరిచి, అచ్చు వెనక నాలుగు మూలలా గుద్దాలి. పడకపోతే మచ్చలు. పాత చీరల్లో కొన్నిచోట్ల నేత పలచబడి ఉంటుంది, అక్కడ రంగు వెనక్కి దిగిపోతుంది.

స్టెన్సిల్ అంటారా, పుల్లలాంటి మనుషులకు పరవాలేదు, ఏనుగుకూ సరే. కానీ మూసుకున్న ఆకారం ఏదైనా, సూర్యుడి చుట్టు, సైకిల్ చక్రం, ఆ ఇంటి చట్రం, షీటు మీద కత్తిరించగానే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. ఊడకుండా అక్కడక్కడా సన్నని వంతెనలు వదలాలి. వదిలితే చట్రం తెగి తెగి పడుతుంది. తెగిన ఇల్లు ఇళ్ల బొమ్మకు నప్పదు. పనిముట్టే ఈ పని నాది కాదంటోంది, నాకు అలా అనిపిస్తుంది.

రాయగడ కుట్టుపని

కష్టం అన్నది కారణం కాదండీ. కప్డాగండా కుట్టడం ఇంకా కష్టం, డోంగ్రియా ఆడపిల్లలు కుట్టడం లేదా? ఇడితాల్ మొత్తం వేయకుండా ఒక్క ఏనుగు, ఒక్క గుర్రం, ఒక నాట్యం వరస వేస్తే? చట్రం లేకపోతే అది ఇల్లు కాదు కదా. ఇల్లు కానప్పుడు మొక్కు ఎక్కడిది?

సీతంపేట నుంచి

ఏనుగు ఒక్కటే వేస్తే మా తాత కూడా పోట్లాడడు, అన్నా. ఏనుగు ఎవరి సొత్తూ కాదు. కానీ అదే చూపించి సవర కళ అని చెప్పి అమ్మితే నాకు నచ్చదు. అప్పుడు మీరు అమ్ముతున్నది ఏనుగును కాదు, మమ్మల్ని.

గుణుపురం బొంతలు

ఇది నాకు బాగా తగిలిన మాట. నేను అనుకుంటున్నదీ ఇదే.

మన గడప ముందు ఏముంది? ఎర్రమట్టి అలికి తెల్లపిండితో ముగ్గు. వాళ్లదీ బియ్యప్పిండే, మనదీ బియ్యప్పిండే, ఒకే వంశధార నీళ్లు తాగే ఊళ్లు. మనకు సొంత తెలుపు, సొంత ఎరుపు ఉండగా పక్కవాళ్ల గోడ ఎందుకు? పైగా ముగ్గు అచ్చుకు భలే నప్పుతుంది. చుక్కలు, తిరుగుడు గీతలు, పక్కపక్కనే అద్దుతూ పోతే కలిసిపోతాయి. ముగ్గు అసలు తిరిగి తిరిగి వేసేదే, రోజూ తుడిచి రోజూ పెట్టేది. దాన్ని వందసార్లు అద్దితే దాని మర్యాద తగ్గదు. అడ్డాకు, ఇప్పపువ్వు, తాటిచెట్టు, నౌపడా నుంచి మా ఊరికి వచ్చే రైలు, ఇవన్నీ మేం రోజూ చూసేవే.

సవర బొమ్మ కావాలనే షాపుకు ఒక దారి చెప్పాను. బొంత మధ్యన జానెడు గుడ్డ ఖాళీగా వదిలి పుట్టాసింగిలో గీసేవాళ్లకు పంపుతాం. వాళ్లకు తోచింది, వాళ్ల చేత్తో, వాళ్లు చెప్పిన రేటుకు గీస్తారు. అంచుల మీద మా ముగ్గు అచ్చులు. చీటీ మీద ఇద్దరి పేర్లూ, ఎవరు ఏది చేశారో విడివిడిగా. ఏ రెండూ ఒకేలా ఉండవని ముందే చెప్పేశాను. షాపు ఇంకా జవాబివ్వలేదు.

రాయగడ కుట్టుపని

జవాబు రాకపోతే? ఆర్డర్ పోతే మీ వీధిలో ఆ సగంమందికి మీరు ఏం చెబుతారు? అది కూడా న్యాయమే కదా, అక్కా. నేను మాత్రం ఏనుగు, గుర్రం విడిగా స్టెన్సిల్ వేస్తాను. సవర అనే పేరు మాత్రం రాయను. అంతకంటే వెనక్కి నేను రాను.

గుణుపురం బొంతలు

పోతే పోతుంది, అని వాళ్లకు ముందే చెప్పాను. ఇద్దరు మానేసి బ్లౌజులకు వెళ్లారు. వాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల ఇళ్లు గడవాలి. నా మాట మాత్రం మారదు.

పర్లాకిమిడి మాస్టారు

చీటీ మీద రేటు కూడా రెండు భాగాలుగా రాయండమ్మా, గీసినదానికి ఇంత, కుట్టినదానికి ఇంత అని. కొనేవాడికి తెలియాలి.

గుణుపురం బొంతలు

తప్పకుండా, మాస్టారూ. బరంపురం అక్కా, పని మాట ఒకటి. వానాకాలంలో తెల్లరంగు గట్టిపడటం లేదు. ఉతికితే కొంచెం ఊడుతోంది. ఏం చేయాలి?

బరంపురం అచ్చులు

గుడ్డలో గంజి మిగిలి ఉంటే రంగు పట్టదు. కొత్త కోరా అయితే ముందు సబ్బునీళ్లలో ఉడకబెట్టి జాడించండి. పాత చీరలకు ఆ బెడద తక్కువ, కానీ గంజిపెట్టి కట్టిన చీరలైతే వాటినీ ఉతకాలి. పాలియెస్టర్ కలిసిన చీర అసలు వద్దు. రంగు పూర్తిగా ఆరాకే ఇస్త్రీ, పైన పైన తడి ఆరితే చాలదు. వానల్లో ఒక రోజు ఎక్కువే ఆగండి. తర్వాత బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి, పలచటి గుడ్డ అడ్డుపెట్టి, ఆవిరి లేకుండా కాటన్ వేడి మీద ఒక్కోచోట కాసేపు ఆపుతూ రుద్దండి. ఇదంతా దుప్పటి పొర పెట్టకముందే, పైగుడ్డ ఒక్కటే ఉన్నప్పుడే అయిపోవాలి. పుట్టాసింగి పంపే గుడ్డ కూడా ముందే గంజి తీసి పంపండి. వాళ్లు పిండితో గీస్తే మాత్రం గుడ్డ మీద నిలవదు, తెల్లరంగు మీరే ఇచ్చి పంపాలి. సన్న బ్రష్ వద్దు, వాళ్ల వెదురుపుల్లకే ఆ రంగు ఎంత చిక్కగా ఉండాలో వాళ్లనే కలిపి చూసుకోమనండి.