పాత వీణకి మేళం (మైనంలో మెట్ల అమరిక) కట్టించడానికి ఎంతవుతుంది?

ఇంటర్ సెకండియర్, విజయనగరం. 8 నెలలుగా వీణ నేర్చుకుంటున్నా, జంట వరుసలు అయ్యి అలంకారాల్లో ఉన్నాను. ఇంట్లో వీణ లేదు, సాధనంతా టీచర్‌గారింట్లోనే, వారానికి రెండు గంటలు. ట్యూషన్లు చెప్పి 9,000 కూడబెట్టా. బొబ్బిలిలో అడిగాను, ఒకే పనస దుంగతో చేసే ఏకాండి వీణ నాకు అందే ధర కాదు. అద్దెకిచ్చేవాళ్లూ దొరకలేదు. ఫోన్లో వీణ యాప్ కూడా పెట్టి చూశా. తీగ లాగితే కదండీ గమకం పలికేది!

ఇప్పుడొకరు పాత వీణ 7,000కి ఇస్తామంటున్నారు. కుండకి పగుళ్లు లేవు, తీగలు బిగించే బిరడాలు బిగువుగానే ఉన్నాయి. మేళం మైనమే ఎండి పెచ్చులూడుతోంది. 24 మెట్లలో మూడు వేలితో నొక్కితే కదులుతున్నాయి, అక్కడ స్వరం జీరబోతోంది. మిగిలే 2,000లో మేళం మొత్తం కొత్తగా కట్టించడం అవుతుందా, ఈమధ్య కట్టించినవాళ్లు చెప్పగలరా?