లాస్ వెగాస్ మౌఖిక చరిత్రలు: రికార్డుతో పొసగని మాట పక్కన సంపాదకుడు నోట్ పెట్టాలా?

ఎడారిపాట

చర్చ ఒకే ప్రశ్న మీద నడిస్తే బాగుంటుంది. రికార్డింగులో మనిషి చెప్పిన మాటకీ, కాగితాల్లో ఉన్నదానికీ పొంతన లేకపోతే, ట్రాన్స్‌క్రిప్ట్‌లో (రికార్డింగును అక్షరాల్లో పెట్టిన ప్రతిలో) ఆ మాట పక్కనే "ఇది సరికాదు" అని రాయాలా, వద్దా?

లాస్ వెగాస్‌నే ఎందుకు తీసుకున్నానంటే, అక్కడ ఈ చిక్కు అడుగడుగునా ఎదురవుతుంది. ఏడాదికి నాలుగంగుళాల వాన పడే చోటు. 1930లో జనాభా 5,165. 1960 నాటికి 64,405. 2020లో క్లార్క్ కౌంటీ మొత్తం 22 లక్షలు దాటింది. వచ్చినవాళ్ళంతా వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. క్యాసినో యజమానుల గురించి పత్రికలు రాశాయి. గదులు ఊడ్చినవాళ్ళు, కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ దగ్గర సొరంగాలు తవ్వినవాళ్ళు, వెస్ట్‌సైడ్ పేటలో మట్టిరోడ్ల మీద బతికిన నల్లజాతివాళ్ళు ఎక్కువగా మిగిలింది గొంతుల్లోనే. నెవాడా విశ్వవిద్యాలయం లాస్ వెగాస్ శాఖ గ్రంథాలయంలో 2003లో మౌఖిక చరిత్ర కేంద్రం పెట్టి ఈ గొంతులను పోగుచేస్తూ వచ్చింది.

నా వాదన: నోట్ పెట్టాలి. హూవర్ డ్యామ్ కాంక్రీటులో కూలీల శవాలు ఉండిపోయాయన్న మాటే చూడండి. డ్యామును ఒకే పోతగా పోయలేదు. వేర్వేరు దిమ్మెలుగా, ఒక్కో విడతకు ఐదడుగుల ఎత్తున పోశారు. బకెట్‌లో పట్టేది 8 ఘనపు గజాలు, అంటే 216 ఘనపుటడుగులు. చిన్న దిమ్మె 25 అడుగుల చదరం అనుకున్నా, ఒక బకెట్‌కి మట్టం నాలుగంగుళాలే లేస్తుంది. పెద్ద దిమ్మెలో అంతకన్నా తక్కువ. నిలబడ్డ మనిషి అందులో ఎలా మునుగుతాడు? 1933లో ఒకసారి అచ్చు కూలి, కాంక్రీటు కింద ఒకరు చనిపోయారు. ఆ శవాన్ని తవ్వి తీశారు. పుకారుకు మూలం అదే కావచ్చు. ఇంత తేలిగ్గా తేలే విషయాన్ని నోట్ లేకుండా వదిలేస్తే, చదివే కుర్రాడు దాన్నే పరీక్షలో రాస్తాడు.

గాలిమర

అదే డ్యామ్ దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది. అది మీ వాదనకు అడ్డం తిరుగుతుంది.

అధికారిక లెక్కలో పనిలో పోయినవాళ్ళు 96 మంది. నీట మునిగినవాళ్ళు, పేలుడుకి పోయినవాళ్ళు, రాళ్ళు పడి పోయినవాళ్ళు, కొండ గోడల మీంచి జారినవాళ్ళు ఆ లెక్కలోకి వస్తారు. న్యుమోనియాతో పోయారని రాసిన 42 మంది రారు. ఆ న్యుమోనియా అసలు న్యుమోనియా కాదని సొరంగాల్లో పనిచేసినవాళ్ళు అంటూనే వచ్చారు. నదిని మళ్ళించే సొరంగాల్లో పెట్రోలు లారీలు నడిచేవి. పొగ బయటికి పోయే దారి సరిగా ఉండేది కాదు. భూగర్భంలో పెట్రోలు ఇంజన్లు నడపకూడదని నెవాడా చట్టం ఉన్నా, గుత్తేదారు సంస్థ సిక్స్ కంపెనీస్ కోర్టుకెళ్ళి దాని అమలును ఆపించుకుంది. తర్వాత కూలీలు దావాలు వేశారు. 1936లో కంపెనీ 50 మందితో కోర్టు బయట రాజీ పడింది.

ఇప్పుడు చెప్పండి. ఒక సొరంగం కూలీ "మావాళ్ళు పొగకి పోయారు" అన్నాడు. ఎదురుగా ఆసుపత్రి రికార్డులో న్యుమోనియా అని ఉంది. మీ నియమం ప్రకారం సంపాదకుడు "రికార్డుల ప్రకారం న్యుమోనియా" అని రాస్తాడు. రికార్డు రాసింది ఎవరు? కంపెనీ జీతం తీసుకున్నవాళ్ళు. నోట్ తటస్థంగా కనిపిస్తుంది గానీ, ఎవరి కాగితం మిగిలిందో వాళ్ళ పక్షాన నిలబడుతుంది.

టేపుసుత్తి

పెట్టాలా వద్దా అని కొట్టుకునే ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకుందాం. సగం గొడవ అక్కడే తీరుతుంది.

పని నడిచే క్రమం ఇది. రికార్డింగ్ (48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు, స్టీరియో అయితే గంటకు సుమారు ఒక జీబీ). తర్వాత తొలి ట్రాన్స్‌క్రిప్ట్. అలవాటున్న మనిషికి కూడా గంట ఆడియోకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. యంత్రం చేత రాయిస్తే త్వరగా అవుతుంది గానీ వీధుల పేర్లు, హోటళ్ళ పేర్లు, దక్షిణాది యాస దగ్గర బోల్తా పడుతుంది. అర్కన్సాస్‌లోని ఫోర్డైస్, లూసియానాలోని టలూలా నుంచి వెస్ట్‌సైడ్‌కి వలస వచ్చినవాళ్ళ కథనాల్లో ఈ రెండు ఊళ్ళ పేర్లే మొదట చెడతాయి. ఆ తర్వాత ఇంకొకరు ఆడియో వింటూ మాటామాటా సరిచూడాలి. అప్పుడు చెప్పినవారికి పంపాలి. వాళ్ళు తిప్పి పంపాకే తుది ప్రతి.

సంపాదకుడి మాట చొరబడే చోట్లు మూడు. వాక్యం మధ్యలో చదరపు కుండలీకరణాల్లో, పేజీ అడుగున, లేదా ఆడియోకి జతచేసే సమయసూచికలో.

మొదటిది వద్దే వద్దు. ఎవరైనా ఆ పేరా కాపీ చేసి అతికించారంటే కుండలీకరణాలు రాలిపోయి, సంపాదకుడి మాట చెప్పినవారి నోట్లో చేరిపోతుంది. పదం వెతికితే కూడా అంతే: ఆయన అనని పదానికి ఆయన ట్రాన్స్‌క్రిప్ట్ తేలుతుంది. కుండలీకరణాల్లో ఉండాల్సింది [నవ్వు], [వినబడలేదు 00:41:12] లాంటివి, ఇంటిపేరు వదిలేస్తే పూర్తి పేరు. అంతే.

నా ఓటు సమయసూచికకి. ఐదారు నిమిషాలకొక ఖండం, దానికో శీర్షిక, రెండు వాక్యాల సారాంశం, విషయపదాలు. కెంటకీ విశ్వవిద్యాలయంవాళ్ళు తయారుచేసిన ఓమ్స్ అనే ఉచిత పరికరం సరిగ్గా ఈ పనికే. అది కేటలాగు చేసినవాళ్ళ గొంతు అని అందరికీ తెలుసు కాబట్టి, నోట్ అక్కడ ఉంటే ఎవరి నోట్లోనూ మాట పెట్టినట్టు కాదు.

ఎడారిపాట

సూచిక ఎవరు చదువుతారండీ? జనం దింపుకునేది పీడీఎఫ్. అందులో సూచిక ఉండదు. నోట్ కనబడని చోట పెట్టడం, పెట్టకపోవడం ఒకటే. పేజీ అడుగున అంటే ఒప్పుకుంటాను.

గాలిమర గారి న్యుమోనియా ఉదాహరణ బలమైనదే. కానీ అది నోట్ సరిగా రాయకపోవడం గురించి. "రికార్డుల ప్రకారం న్యుమోనియా; ఇదే విషయంపై కూలీలు దావాలు వేశారు, 1936లో రాజీ జరిగింది" అని రాస్తే కూలీ మాటకే బలం వస్తుంది కదా.

వెస్ట్‌సైడ్_వీధి

మీరంతా పని అయిపోయాక మందు వెతుకుతున్నారు. చేయాల్సింది ఇంటర్వ్యూ గదిలో చేస్తే నోట్ల అవసరం చాలావరకు పోతుంది.

ఈ ఊళ్ళో అందరూ చెప్పే కథ ఒకటుంది: స్ట్రిప్ (పెద్ద క్యాసినో హోటళ్ళున్న రోడ్డు) మీద ఒక హోటల్‌లో నల్లజాతి నటి ఈతకొలనులో కాలు పెట్టిందని కొలను మొత్తం ఖాళీ చేయించారని. నటి పేరు మారుతుంది, హోటల్ పేరు మారుతుంది, ఒక్కోసారి నటి స్థానంలో గాయకుడు వస్తాడు. దాని పక్కన "ఆధారం లేదు" అని రాస్తే, ఆ రోజుల్లో స్ట్రిప్ మీద పాడినవాళ్ళకే అక్కడ గది దొరకని మాట కూడా అబద్ధమేమో అనిపిస్తుంది. అది అబద్ధం కాదు. పాట అయ్యాక వాళ్ళు వెస్ట్‌సైడ్ అద్దె ఇళ్ళకు వెళ్ళాల్సిందే.

ఇక్కడ అడగాల్సింది ఒక్క ప్రశ్న: "ఇది మీరు చూశారా, ఎవరైనా చెప్పగా విన్నారా? చెప్పింది ఎవరు, అప్పుడు మీరు ఏ పనిలో ఉన్నారు?" అనుమానిస్తున్నట్టు ధ్వనించకూడదు. వెంటనే అడగకూడదు కూడా. కథ పూర్తయి ఊపిరి పీల్చుకున్నాక అడగాలి. మధ్యలో అడ్డుపడితే మనిషి ముడుచుకుపోతారు, తర్వాతి అరగంట పొడిమాటలే వస్తాయి.

తారీఖులకు వేరే పద్ధతి. "ఏ సంవత్సరం?" అని అడిగితే తప్పే వస్తుంది. మన దగ్గర పెద్దలు "దివిసీమ ఉప్పెన ముందా, తర్వాతా" అని లెక్క చెప్పినట్టే, అక్కడివాళ్ళకూ గుర్తురాళ్ళు ఉన్నాయి: 1946 డిసెంబరులో ఫ్లెమింగో తెరవడం, 1951 జనవరి 27న నెవాడా అణుపరీక్షల స్థలంలో తొలి పేలుడు, 1955 మే 24న ములాన్ రూజ్ మొదలవడం, 1971 మార్చిలో పేద తల్లులకు ప్రభుత్వ సాయం కోసం పోరాడిన రూబీ డంకన్ ఆ తల్లులను వెంటబెట్టుకుని స్ట్రిప్ మీద నడవడం, 1980 నవంబరులో ఎంజీఎం హోటల్ అగ్నిప్రమాదం. ఈ పట్టిక ఒక కాగితం మీద రాసుకుని ఒళ్ళో పెట్టుకోవాలి. "ఎంజీఎం తగలబడ్డప్పుడు మీరు అదే హోటల్‌లో ఉన్నారా?" అంటే జవాబు గట్టిగా వస్తుంది.

ములాన్ రూజ్ నగరంలో నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ కలిపి రానిచ్చిన తొలి హోటల్ క్యాసినో. అదే ఏడాది నవంబరుకల్లా మూతపడింది. ఎవరైనా "రెండేళ్ళు నడిచింది" అంటే దిద్దకండి. ఆరు నెలలది రెండేళ్ళుగా ఎందుకు గుర్తుందో అదీ చరిత్రే. మూత ఎందుకు పడిందన్నది ఈనాటికీ తేలలేదు. పెట్టుబడి చాలక అని ఒకరు, స్ట్రిప్ యజమానులు నొక్కేశారని ఇంకొకరు. ఇక్కడ సంపాదకుడు ఏం నోట్ రాస్తాడు?

సున్నపుగోడ

ఒక అనుబంధం. రెనోలో 1965లో మొదలైన నెవాడా విశ్వవిద్యాలయం మౌఖిక చరిత్ర కార్యక్రమం ప్రచురణల్లో ప్రశ్నలు తీసేసి, జవాబులను ఒకే కథనంగా కూర్చే పద్ధతి నడిచింది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ "చూశారా, విన్నారా" అన్న ప్రశ్న కూడా వాటితో పాటే కొట్టుకుపోతుంది. మనిషి తానై చెప్పాడా, అడిగితే చెప్పాడా తెలియదు. లాస్ వెగాస్ కేంద్రం ప్రశ్న-జవాబు రూపం ఉంచి, తడబాట్లూ పునరుక్తులూ మాత్రం కొంత తీస్తుంది. నన్నడిగితే నోట్ గొడవకన్నా ఇది పెద్ద గొడవ. "నేను... మేము... వాళ్ళు కొట్టారు" అన్నదాన్ని "వాళ్ళు కొట్టారు" అని శుభ్రం చేస్తే, కొట్టింది ఎవరినో ఎగిరిపోయింది.

గాలిమర

సున్నపుగోడ గారి మాట నూటికి నూరుపాళ్ళు. అందుకే ఆడియో అసలు ప్రతి, కాగితం దానికి దారి చూపే పటం మాత్రమే. అది ఒప్పుకుంటే నోట్ మీద నా పట్టుదల కొంత సడలుతుంది.

పూర్తిగా కాదు. ఇంకో రెండు సంగతులు. ఒకటి, ములాన్ రూజ్ ఒప్పందం. 1960 మార్చి 26న, మూతపడి ఉన్న ఆ హోటల్‌లోనే సమావేశమై స్ట్రిప్ మీద జాతి వివక్ష ఎత్తేశారని పుస్తకాల్లో ఉంటుంది. నల్లజాతి హక్కుల సంఘం నాయకుడు, దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ తన మౌఖిక కథనంలో చెప్పింది వేరు: మధ్యవర్తి ద్వారా క్యాసినోల వెనకున్నవాళ్ళ అంగీకారం అంతకుముందే వచ్చిందనీ, సమావేశం దాన్ని ప్రకటించడానికేననీ. ఇలాంటి అంగీకారానికి కాగితం ఎక్కడ దొరుకుతుంది? "పత్రికల ప్రకారం" అని నోట్ పెడితే బయటివాడి మాటతో లోపలివాడి మాటను కొట్టినట్టు.

రెండు, అణుపరీక్షల స్థలం. 1962 దాకా ఆకాశంలో, నేల మీద కలిపి వంద పేలుళ్ళు జరిగాయి. ఎక్కువ భాగం తెల్లవారుజామునే. ఎవరైనా రోజు, వేళ చెబితే పరీక్షల జాబితాతో పోల్చవచ్చు, అంతవరకు బాగుంది. కానీ అక్కడ పనిచేసినవాళ్ళు రహస్య ప్రమాణానికి కట్టుబడ్డవాళ్ళు. కాగితాలు దశాబ్దాలు మూసి ఉన్నాయి. "ఆధారం లేదు" అని 1985లో రాసిన నోట్ 1995లో తప్పవుతుంది. ఎవరు దాన్ని వెనక్కెళ్ళి తీస్తారు?

కాబట్టి నోట్ ఉండాల్సే వస్తే తారీఖు, స్థలం, పేరు, ఈ మూడింటికే. కారణాలకూ ఉద్దేశాలకూ వద్దు.

ఎడారిపాట

ఆ మూడింటికే అంటే నా కాంక్రీటు శవాలు బయటే మిగిలిపోయాయి. అది తారీఖూ కాదు, పేరూ కాదు. భౌతికంగా కుదరని సంగతి. నాలుగోదిగా దాన్ని చేర్చితే నేను సిద్ధం.

టేపుసుత్తి

చేర్చండి. అయితే నోట్ రూపం కట్టుదిట్టంగా ఉండాలి. మూడు భాగాలు: ఏ కాగితంతో పొసగడం లేదు, ఆ కాగితం ఎవరు ఎప్పుడు రాశారు, నోట్ రాసిందెవరు, ఏ తేదీన. "తప్పు", "పొరబడ్డారు" అన్న మాటలు నిషేధం. ఉదాహరణకు: "ములాన్ రూజ్ 1955 మే నుంచి నవంబరు వరకు నడిచినట్టు అప్పటి స్థానిక పత్రికల్లో ఉంది. నోట్: కేటలాగు విభాగం, 2024 ఆగస్టు." రెండు వాక్యాలు దాటకూడదు. పేజీ అడుగునా, సూచికలోనూ ఒకే పాఠం పెట్టండి, పీడీఎఫ్ గొడవ తీరుతుంది.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. నోట్లు రాశాకే ట్రాన్స్‌క్రిప్ట్ చెప్పినవారికి పంపాలి, ముందు కాదు. అప్పుడు వాళ్ళు నోట్‌కి జవాబు ఇవ్వగలరు, ఆ జవాబు కూడా అచ్చవుతుంది. తిప్పి పంపడానికి నెల గడువు పెట్టి, పెద్ద అక్షరాల్లో, 14 పాయింట్లకు తగ్గకుండా, కాగితం మీద పంపండి. ఎనభై ఏళ్ళవాళ్ళకు లింకు పంపితే తిరిగిరాదు. అనుమతి పత్రంలో "సంపాదకుడి నోట్లు చేర్చవచ్చు" అన్న వాక్యం రికార్డింగ్ రోజే ఉండాలి. తర్వాత అడిగితే అనుమానం పుడుతుంది.

వెస్ట్‌సైడ్_వీధి

చనిపోయినవాళ్ళ టేపుల సంగతి? హోటల్ పనివాళ్ళ తొలి తరంలో చాలామంది లేరు. వాళ్ళు జవాబివ్వలేరు.

టేపుసుత్తి

వాటికి పేజీ అడుగున కూడా వద్దు. కేటలాగు పుటలో విడిగా, తేదీతో. ట్రాన్స్‌క్రిప్ట్‌ని ముట్టుకోకండి.

ఎడారిపాట

దీనికి మాత్రం ఒప్పుకోను. పీడీఎఫ్ సమస్య మళ్ళీ మొదటికొచ్చింది. కనీసం మొదటి పేజీలో "ఈ కథనానికి కేటలాగులో నోట్లు ఉన్నాయి" అని ఒక వరుస అయినా ఉండాలి.

గాలిమర

ఆ ఒక్క వరుసకి నాకు అభ్యంతరం లేదు. కానీ అది నోట్లు ఉన్నా లేకపోయినా అన్ని కథనాల మొదటి పేజీలోనూ ఒకే మాటల్లో ఉండాలి: "నోట్లు ఉంటే కేటలాగులో చూడండి" అని. గవర్నరు కథనం మీద లేకుండా, గదులు ఊడ్చిన మనిషి కథనం మీద మాత్రమే ఉంటే కుదరదు.